ఆముదము పట్టిన పట్టు

మొన్నటి వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము, మా వీధిలో పదవ తరగతి చదువుచున్న బాలుడొకడు నా యింటికి వచ్చి, చేతిరుమాలులో చుట్టి తెచ్చిన వస్తువునొకదానిని నా బల్లమీద మెల్లగా పెట్టెను. అది అతని తాతగారి ఇనుపపెట్టెలో నలువది సంవత్సరములకు పైగా ఎవరి చేయియు సోకక పడియున్న నమూనా విమానపు ఇంజను. పిడికిలిలో ఇమిడిపోవునంతటిది, ఒకప్పుడు వెండివలె మెరసియుండిన దాని అల్యూమినియపు దేహమంతయు తేనెవన్నె తిరిగి, పొగ వెడలు ద్వారముచెంత బెల్లపుపాకము ఎండి అంటుకొన్నట్లు గోధుమరంగు పొరలు కట్టియుండెను. “తాతగారూ, ఇది సీజయిపోయిందండీ. మెకానిక్ షెడ్డులో చూపిస్తే, పట్టకారుతో గట్టిగా పట్టుకుని తిప్పమన్నారు. అప్పటికీ రాకపోతే పాతసామాన్లవాడికి వేసెయ్యమన్నారు” అని అతడు చెప్పెను. “తిప్పి చూశావా?” అని నేనడిగితిని. “ఇంకా లేదండీ” అని అతడనినప్పుడు నాకు కలిగిన ఊరట యింతంత కాదు.

బిగుసుకొనిపోవుట వేరు, పాడైపోవుట వేరు. ఈ రెండింటిని ఒకటిగా ఎంచుటవలన మన యిండ్ల అటకలమీదను, కళాశాలల బీరువాలలోను, ఎన్.సి.సి. వైమానిక విభాగముల సామాను గదులలోను ఉండిన చిన్న ఇంజనులెన్నో పాతయినుములో కలసిపోవుచున్నవి. వ్రేలితో తోసినప్పుడు ప్రొపెల్లరు కదలకున్నచో ఇంజను చచ్చినదని వెంటనే తీర్పు చెప్పుదురే కాని, కదలనీయక పట్టియున్నది ఏదియని అడుగువారు అరుదు. అడిగినచో, పట్టియున్నది లోహము కాదనియు, లోహముమీది నూనె యనియు, ఆ నూనె మన పెద్దలు దీపములలో పోసి, తలకు రాచుకొనిన ఆముదమే యనియు తెలిసి, ఆ తీర్పును చాలమంది మార్చుకొనెడివారు.

ఈ యింజనుల పుట్టుకను కొంచెము చెప్పకున్నచో తక్కిన మాటలు పొసగవు. మనుష్యుని మోసిన విమానముకంటె నమూనా విమానమే వయస్సున పెద్దది. రైటు సోదరులు 1903లో ఎగురుటకు ఏడేండ్లు ముందుగనే, 1896 మే నెలలో, శామ్యూల్ లాంగ్లీ ఆవిరియంత్రమును అమర్చిన నమూనానొకదానిని అమెరికాలోని పోటోమాక్ నదిమీదుగా ఇంచుమించు ఒక కిలోమీటరు దూరము ఎగురవేసెను. పెట్రోలుతో నడచు చిన్న ఇంజను 1930వ దశకములో ఫిలడెల్ఫియాలోని విలియం బ్రౌన్ అను యువకుని చేతిలో రూపుదాల్చి, బ్రౌన్ జూనియర్ అను పేరుతో ఔత్సాహికులకు అందుబాటులోనికి వచ్చినది. కాని స్పార్కుప్లగ్గు, కాయిలు, కండెన్సరు, బ్యాటరీ అనువాని బరువునంతయు ఆ చిన్న రెక్కలే మోయవలసివచ్చెడిది. 1947లో రే ఆర్డెన్ అను అమెరికనుడు అంగడికి తెచ్చిన గ్లోప్లగ్గు ఆ బరువును దింపివేసెను. దానిలోని సన్నని ప్లాటినపు తీగచుట్టను ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో ఎఱ్ఱగా కాల్చి ఇంజనును ఒకసారి నడిపించినచో, పిదప బ్యాటరీని తీసివేసినను, మిథనాలు ఆవిరి ఆ ప్లాటినమును తాకి దాని తలముమీదనే దహించుచు తీగను చల్లారనీయక నిలుపును. ఇంధనము మిథనాలైనందున, దానిలో కరగు నూనెయే కందెనగా కావలసివచ్చెను. ఖనిజతైలములు మిథనాలులో కరగవు; ఆముదము చక్కగా కరగును.

చెట్టు లేని చోట ఆముదపుచెట్టే మహావృక్షమని మనము చులకనగా చెప్పుకొందుము. పాలమూరు, నల్లగొండ ప్రాంతముల చెల్కనేలలలో వానకు ఎదురుచూచుచు పెరుగు ఆ మొక్క గింజలోని తైలమున పదింట తొమ్మిదిపాళ్ళు రిసినోలియక్ ఆమ్లమునకు సంబంధించినవే. ఆ అణువునందున్న హైడ్రాక్సిల్ సమూహము నూనెను ఒకవంక ఆల్కహాలులో కరగనిచ్చును. మఱియొకవంక లోహపు తలమును విడువక అంటిపెట్టుకొనునట్లు చేయును. మొదటి ప్రపంచయుద్ధమున విమానములను నడిపిన రోటరీ ఇంజనులు తిరిగినది ఈ నూనెతోనే. క్యాస్ట్రాల్ అను పేరునందలి మొదటి భాగము ఆముదపు ఆంగ్లనామమే. మన పల్లెలలో బండి ఇరుసునకు పెట్టు కందెనలో కాల్చిన గడ్డిమసితో రంగరించినదియు ఇదియే. అయితే ఈ నూనెకు ఒక స్వభావము కలదు. వేడిలోహముమీద పలుచని పొరగా నిలిచి గాలి తగిలినప్పుడు దాని అణువులు ఒకదానితో నొకటి పెనవేసికొని మొదట జిగురుగను, పిదప లక్కవలె గట్టిగను మాఱును. రంగులు తయారుచేయువారు ఆముదమునుండి నీటి అంశమును వెడలగొట్టి, త్వరగా ఆరిపోవు వార్నిషు నూనెగా దానిని బుద్ధిపూర్వకముగనే మార్చుదురు. నమూనా ఇంజను లోపల అట్టి మార్పే కొంతవఱకు తనంతట తాను జరుగుచుండును. పాతకాలపు ఇంధనమున ఐదవవంతునుండి నాలుగవవంతువరకు ఆముదమే యుండెడిది కాబట్టి, చివరిసారి ఎగురవేసి తుడువక పెట్టెలో పెట్టిన ఇంజను కాలక్రమమున తన నూనెలో తానే ముద్రవేయబడి నిలిచిపోవును.

దీనిని దోషమని తలచువారు రెండవ పక్షమును వినవలెను. మిథనాలు మండినప్పుడు నీరు పుట్టును. లెక్కవేసి చూచినచో 64 గ్రాముల మిథనాలునుండి 72 గ్రాముల నీరు, అనగా ఇంధనముకంటె దాని నీరే బరువైనది. పైగా మండక మిగిలిన మిథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. నైట్రోమీథేను కలిపిన ఇంధనమైనచో ఆమ్లపు జాడయు చేరును. ఇట్టి తడి నడుమ ఉక్కుబేరింగులు, ఉక్కుషాఫ్టు, ఇనుపపిస్టను గల యంత్రమును, అందునను కాకినాడ, విశాఖపట్టణములవంటి సముద్రతీరపు ఊళ్ళలో, నలువదేండ్లు మఱచిపోయినచో అది తుప్పై రాలిపోవలసినదే. రాలిపోనీయక అడ్డుకొన్నది ఆ లక్కపొర. కదలనీయక పట్టిన పదార్థమే దానిని కాపాడిన కవచమైనది. అందుచేత, పట్టుకొనగానే తేలికగా తిరుగుచు లోపల గరగరమను పాత ఇంజనుకంటె, తేనెరంగు పొరతో రాయివలె బిగిసియున్న ఇంజనే నాకు ఎక్కువ ఆశ కలిగించును.

ఈ జ్ఞానము నాకు పుస్తకమునుండి రాలేదు. పదునేడేండ్ల వయస్సున, ఎన్.సి.సి.లో నేలపై నిలిచి రెండు ఉక్కుతీగలతో విమానమును చుట్టును త్రిప్పుచు ఎగురవేయు అభ్యాసమున నుండగా, ఒక వర్షకాలము గడచిన పిమ్మట బిగుసుకొనిపోయిన ఒక ఇంజను నా చేతికి వచ్చినది. ఘనాంగుళములో 35 శతాంశముల పరిమాణము, అనగా 5.7 ఘన సెంటీమీటర్లది. ప్రొపెల్లరునకు మాఱుగా ఒక జానెడు కఱ్ఱను బిగించి, ఊపిరి బిగబట్టి తిప్పితిని. లోపల టక్కుమని చిన్న చప్పుడైనది, షాఫ్టు తిరిగినది, నా సంతోషము నిమిషమైనను నిలువలేదు, ఏలయనగా షాఫ్టు తిరుగుచున్నను పిస్టను కదలలేదు. కనెక్టింగు రాడ్డు రెండు ముక్కలైనది. దానికి మాఱు రాడ్డు మాకు మఱెన్నడును దొరకలేదు. ఆ ఇంజను మరల ఎగురలేదు.

అది ఎందుకు విరిగినదో తరువాతి కాలమున నాకు అర్థమైనది. పిస్టను సాధారణముగా పై మృతబిందువునకు, అనగా తాను పైకి పోగల తుదకు, చేరువగనే పట్టుకొనును. సిలిండరు లోపలి గొట్టమగు లైనరునకును పిస్టనునకును నడుమ సందు అక్కడనే మిక్కిలి తక్కువ. ఆ స్థానమున షాఫ్టు ఎంతో తిరిగినను పిస్టను వెండ్రుకవాసి మాత్రమే కదలవలసియుండును గనుక, తిప్పు చేతి బలము పిస్టనువద్దకు చేరునప్పటికి అనేక రెట్లు పెరుగును. బయట చేతికి స్వల్పముగా తోచిన ఒత్తిడి లోపల అగ్గిపుల్లయంత రాడ్డుమీద సమ్మెటవలె పడును. పిస్టనుపైన నూనె నిండియున్నచో అపాయము మఱింత అధికము. ద్రవము నొక్కినను నొక్కబడదు కాబట్టి రాడ్డే వంగవలెను. షెడ్డులోని వారు బాలునికి చెప్పిన సలహా మోటారుసైకిలు ఇంజనును ఎరిగినవారి సలహా. దానిలో దుర్బుద్ధి యేమియు లేదు. కాని ఈ చిన్న యంత్రమున బలమునకు చోటు లేదు.

కావున మేము మొదట బలమును ప్రక్కన పెట్టి, కన్నులకు పని చెప్పితిమి. గ్లోప్లగ్గును ఊడదీసి లోపలికి దీపము పట్టి చూచితిమి; పొగద్వారములోనుండి పిస్టను ప్రక్కభాగమును చూచితిమి. రంగు తేనెవన్నెయే కాని తుప్పు ఎఱుపు కాదు. ఆ ద్వారములోనికి స్క్రూడ్రైవరు దూర్చి పిస్టనును ఎగదోయవలెనని బాలునికి తోచినది, ఎవరికైనను తోచును. ఉక్కుమొన పిస్టనుపై గీసిన ఒక్క గీతతో ఆ యింజను కంప్రెషను పోవునని చెప్పి, ముట్టవలసివచ్చినచో వెదురుపుల్లతో ముట్టుమంటిని.

వెనుకమూతకు నాలుగు స్క్రూలు. మూడు వచ్చినవి, నాలుగవది రాలేదు. ఇట్టిచోట స్క్రూ తల గాటునకు సరిగా నిండు మొన కావలెను. చిన్న మొనతో తిప్పినచో గాటు అరిగిపోయి, అటుపిమ్మట డ్రిల్లు తప్ప మార్గముండదు. సోల్డరింగు ఇనుమును కాల్చి ఆ స్క్రూ తలమీద రెండు నిమిషములు ఆనించి, చల్లారిన పిమ్మట మొదట బిగించువైపునకు రవంత తిప్పి, ఆపైన వదలించువైపునకు తిప్పగా, చిన్న కిఱ్ఱుమను ధ్వనితో అది లొంగినది. వదలించుటకు ముందు బిగింపవలెనన్న మాట బాలునికి వింతగా తోచెను. స్క్రూ మరల నడుమ పట్టిన పొర పగులుటకు ఏ వైపు కదలికయైనను చాలును. బిగించువైపు కదలిక రవ్వంతయే గనుక స్క్రూ తెగు భయము తక్కువ.

తరువాత ఇంజనును పలుచని చొచ్చుకొనిపోవు నూనెలో మూడు రాత్రులు నానబెట్టితిమి. ఈ మూడు రాత్రులే బాలునికి కష్టమైనవి. ప్రతి సాయంకాలము వచ్చి కదలినదా అని అడిగెడివాడు; కదలలేదని విని వెళ్ళెడివాడు. నూనె సందులోనికి దిగుటకు ఎవరి తొందరయు పట్టదు. నాలుగవనాడు దానిని వెలికితీసి, బాగుగా తుడిచి, ఆరుబయట ఆరబెట్టి, వేడిగాలి యంత్రముతో మెల్లమెల్లగా కాచితిమి. నీటిబొట్టు పడినచో చుఱ్ఱుమని ఎగిరిపోవునంత వేడి, అనగా నూఱు డిగ్రీలకు కొంచెము పైన. మంటను దగ్గరకు రానీయలేదు. మంట ఒకచోట కాల్చి మఱియొకచోట చల్లగా విడుచును. పలుచని అల్యూమినియమును క్షణములో వంకరచేయును. గట్టి పోతపిస్టను, ఉక్కులైనరు గల ఈ ఇంజనులో రెండును ఇంచుమించు సమానముగనే వ్యాకోచించును గాన, ఇచ్చట వేడి చేయు ఉపకారము సందును పెంచుట కాదు, లక్కను మెత్తపరచుట. వేడిమీద నుండగనే పాత కొయ్య ప్రొపెల్లరును పట్టుకొని, తిప్పుటకు కాక ఊపుటకు మాత్రము, బియ్యపుగింజ వెడల్పున అటును ఇటును కదుపుమంటిని. మొదటిసారి ఏమియు లేదు. మరల నూనె, మరల వేడి. మూడవ పర్యాయమున అతని వ్రేళ్ళకు ఏదియో తెలిసినది. నాకు కంటికి కనబడలేదు. “కదిలిందండీ” అని గుసగుసలాడెను, గట్టిగా పలికినచో అది మరల ఆగిపోవునేమోనన్నట్లు.

లైనరును క్రాంకుకేసునుండి వెలికితీయుటలో మాత్రము వేడికి మఱియొక పని యున్నది. నూఱు డిగ్రీలు వేడిచేసినచో 20 మిల్లీమీటర్ల వ్యాసముగల అల్యూమినియపు రంధ్రము సుమారు 46 మైక్రానులు పెరుగును. దానిలోని ఉక్కులైనరు 24 మైక్రానులే పెరుగును. తేడా 22 మైక్రానులు. మిల్లీమీటరులో వేయింట ఇరువదిరెండు పాళ్ళు ఎంతయని తోచవచ్చును గాని, పట్టినది దానికంటెను పలుచని పొర. మన కమ్మరి బండిచక్రమునకు ఇనుప పట్టాను ఎక్కించునప్పుడు చేయునది ఇదియే: పట్టాను ఎఱ్ఱగా కాల్చి, పెరిగినప్పుడు తొడిగి, నీళ్ళు చల్లి బిగింపజేయును. అతడు బిగించుటకు వాడిన సూత్రమునే మేము వదలించుటకు వాడితిమి. బాలుడు బడిలో ఇనుపగుండును, కడియమును చూచినవాడే. ఆ గుండు వేడెక్కి కడియములో దూరలేదని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడే. కాని లైనరు తనంతట జారి, మడచిన గుడ్డమీద పడినప్పుడు అతని ముఖమున కనబడిన ఆశ్చర్యము ఆ జవాబు వ్రాసినప్పుడు కలిగియుండదు. ముందరి బేరింగును తీయుటకు కేసును 150 డిగ్రీల వఱకు వేడిచేసి, చెక్కపలకమీద రెండుసార్లు తట్టితిమి. సుత్తితో రాని బేరింగు తన బరువుచేతనే రాలినది.

డీజిలు అని పిలువబడు నమూనా ఇంజనులలో, ఈథరు, కిరోసిను, ఆముదము ఇంచుమించు సమభాగములుగా త్రాగువానిలో, సిలిండరు పైభాగమున ఉండు కాంట్రాపిస్టను పట్టుకొనుట సర్వసాధారణము. దానికిని వేడియే మందు. దానిని నొక్కు స్క్రూను బలముగా దింపినచో సిలిండరు పగులును. ఇత్తడి లైనరునకు క్రోము పూత పెట్టి, అల్యూమినియపు పిస్టను అమర్చిన తరువాతి కాలపు ఇంజనులలో పైభాగము కావలెననియే ఇఱుకుగా చేయుదురు. అది పట్టుట రోగము కాదు, స్వభావము. దానిని వేడిచేసి తిప్పవలెనే కాని లోపల అరగదీయరాదు.

మిగిలిన కాలిన ఆముదపు నలుపును పోగొట్టుటకు మోటారుకారు రేడియేటరులో పోయు ఇథిలీన్ గ్లైకాలును సన్ననివేడిమీద గంటలతరబడి ఉంచి, భాగములను అందులో నానబెట్టుట విదేశములలో చాలకాలముగా వాడుకలో నున్న పద్ధతి. పని బాగుగనే చేయును. కాని అది తియ్యగా నుండు విషము. ఆ పాత్ర మరల వంటయింటి గడప త్రొక్కరాదు; పసిపిల్లలు, కుక్కలు, పిల్లులు తిరుగు చోట దానిని విడువరాదు; గాలి ఆడు చోటనే కాచవలెను. మెగ్నీషియపు కేసులను, రంగుపూసిన భాగములను అందులో వేయరాదు. మిథనాలు సంగతి మఱింత గట్టిగా చెప్పవలెను. అది కడుపులోనికి పోయినచో కన్నులను, ప్రాణమును తీయును. చర్మముద్వారా సైతము లోనికి పోవును. దాని మంట పగటివేళ కంటికి కనబడదు. పెద్దవారు దగ్గర లేక ఏ బాలుడును ఈ పని చేయరాదు.

ఇప్పుడు నా మనవి. ఎన్.సి.సి. వైమానిక విభాగమున విమాన నమూనాల నిర్మాణము శిక్షణలో భాగమై యున్నది. కలకత్తాలో తయారైన అరోరా ఇంజనులును, జపానునుండి, ఇంగ్లండునుండి వచ్చినవియు ఒక తరమువారి చేతులలో ఎగిరినవి. వానిలో మిగిలినవి నేడు పనికిరానివిగా లెక్కవ్రాయబడి, వేలమునకో పాతయినుమునకో పోవు వరుసలో నున్నవి. కదలకపోవుట అను ఒక్క కారణముచేత ఏ ఇంజనును అట్లు వ్రాయరాదని నేను కోరుచున్నాను. లెక్కనుండి కొట్టివేయుటకు ముందు ఒక్కొక్క ఇంజనును ఇద్దరేసి విద్యార్థులకు, ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో, ఒక నెలపాటు అప్పగింపవలెను. కావలసిన సామగ్రి స్వల్పము: సరియైన కొలతల స్క్రూడ్రైవరులు, వేడిగాలి యంత్రము, నూనె, గుడ్డపేలికలు, ఉష్ణమాపకము, భాగములను వరుసగా పెట్టుటకు ఒక తెల్లని పళ్ళెము. పాలిటెక్నిక్కులలోను, ఐ.టి.ఐ.లలోను ఇవన్నియు ఉన్నవే.

నేడు నమూనా విమానములు చాలవఱకు విద్యుత్తు మోటారులతో ఎగురుచున్నవి గదా, ఈ జిడ్డుపని యెందుకని కొందఱు మిత్రులు అడిగిరి. విద్యుత్తు మోటారు శుభ్రమైనది, నిశ్శబ్దమైనది. పోటీలలో దానిని వాడుడని నేనును చెప్పుదును. కాని మూసిన మోటారు పాడైనప్పుడు బాలుడు చేయగలిగినది దానిని పారవేసి క్రొత్తదానిని కొనుట మాత్రమే. ఈ పాత ఇంజనులో వ్యాకోచము, ద్రావణీయత, మృతబిందువు, ఆమ్లము, తుప్పు అన్నియు ఒకే పిడికిలిలో నున్నవి. వానిలో దేనిని విస్మరించినను ఇంజనే వెంటనే చెప్పును. మఱియొక సంగతి. అన్ని ఇంజనులు బ్రతుకవు. తుప్పు లైనరు గోడలోనికి దిగి గుంటలు చేసినచో, పిస్టనునకును లైనరునకును నడుమ కొన్ని మైక్రానుల సందే ఆధారముగా నిలిచిన కంప్రెషను మరల రాదు. అప్పుడు ఆగి, తుడిచి, నూనె రాసి, అద్దాల బీరువాలో పెట్టుటయే మర్యాద. ఎక్కడ ఆగవలెనో తెలిసికొనుటకైనను లోపల చూడవలెను గదా.

మా బాలుని ఇంజను బ్రతికినది. భాగములన్నింటిని కడిగి ఆరబెట్టినంతనే నూనె పూసితిమి. కవచము పోయిన ఉక్కునకు మన గాలిలో ఒక్క రాత్రి చాలును తుప్పు పట్టుటకు. మరల కూర్చి, గ్లోప్లగ్గు బిగించి, అతడు ప్రొపెల్లరును వ్రేలితో మెల్లగా తిప్పగా, పై బిందువు చేరువలో లోపలి గాలి మెత్తగా ఎదురొత్తి, ప్రొపెల్లరు వెనుకకు చిన్న గంతు వేసెను. అతడు దానిని ఇరువదిసార్లయినను చేసి చూచియుండును.

నిన్న సాయంకాలము అతడు మరల వచ్చెను. తాతగారి పెట్టె అడుగున ఇంకొకటి దొరికినదట, 0.8 ఘన సెంటీమీటర్లది, బొటనవ్రేలంత. తీసికొనిరాలేదేమని అడిగితిని. ఊరగాయ సీసానొకదానిని కడిగి, నూనెపోసి, అందులో ముంచి అటకమీద పెట్టినాననియు, ఎవరును ముట్టకుండ మూతమీద కాగితము అంటించి తేది వ్రాసినాననియు, ఆదివారము దాక దానిని తిప్పి చూడననియు చెప్పెను.